తడి మనిషి, పొడి మనిషి

ఆష్కెల్ తెప్పల దేశం, గొంతు వీసాల కార్యాలయం అధికారి గారికి,

పలాస నుంచి వచ్చిన ఇంగ్లీషు పంతులమ్మ దుంపల యశోద రాస్తున్న ఉత్తరం ఇది.

ఇవాళ నవంబరు 4. మీ తనిఖీ అధికారి నా తరగతి చూసి వెళ్ళి ఇది ఎనిమిదో రోజు. పదో రోజు దాటేలోగా నా తప్పు నేనే రాసి పంపకపోతే, ముప్పై ఒకటో నిబంధన ప్రకారం అది తప్పు కాదు, మోసం. నా వీసా రద్దవుతుంది, నా విద్యార్థుల శిక్షణ చెల్లదు. ఉత్తరాల పడవ మధ్యాహ్నం బయలుదేరుతుంది. మళ్ళీ వచ్చేది నాలుగు రోజుల తర్వాతే. అందుకని ఇవాళే రాస్తున్నాను.

గొంతు వీసా మీద వచ్చినవాళ్ళు రోజూ దినచర్య రాయాలని, దాన్ని సొంత భాషలో రాసుకోవచ్చని పదకొండో నిబంధన చెబుతోంది. నా దినచర్యలో ఈ విషయానికి సంబంధించిన రోజులను కింద ఎత్తి రాస్తున్నాను. అప్పుడు రాసినదాంట్లో ఒక్క మాట కూడా దిద్దలేదు, మీకు చెప్పాల్సిన మాటలు మాత్రం అక్కడక్కడ చేర్చాను. నేను తెలివితక్కువగా కనిపించే చోట్లు కూడా అలాగే ఉంచాను.

మూడో రోజు, జులై 12

నేల ఊగుతోంది. ఇక్కడివాళ్ళకు ఆ సంగతే తెలియనట్టుంది. చారు గిన్నె దించబోయి రెండుసార్లు ఒలకబోశాను. మూడోసారి, తెప్ప ఎటు వంగుతోందో చూసి, అటు నేనూ కాస్త వంగి దించాను. ఒక్క చుక్క పడలేదు.

చెవిపోగు పెట్టుకుంటే ఎవరి భాషైనా ఎవరికైనా అర్థమయ్యే రోజుల్లో ఇంగ్లీషు పంతులమ్మ ఎందుకని బయలుదేరే ముందు పలాసలో అందరూ అడిగారు. ఇవాళ కారణాన్ని కళ్ళారా చూశాను. ఈ తెప్పలన్నిటినీ సముద్రం అడుగున లంగర్లు పట్టి ఉంచుతాయి. ఆ లంగర్లకు నాచు తాళ్ళు చుట్టుకుంటాయి. వాటిని విడదీయడానికి మనుషులు ఇనప పెట్టెలో కూర్చుని నలభై బారల లోతుకు దిగుతారు. ఆ ఇనుములో చెవిపోగు పలకదు. పైనుంచి తీగ మీద వచ్చే మనిషి గొంతు ఒక్కటే వినబడుతుంది. పైన గిలక తిప్పేవాళ్ళు నాలుగు దేశాల వాళ్ళు. ఒకప్పుడు ఎవరి భాషలో వాళ్ళు అరిచి ప్రాణాలు పోగొట్టారట. అప్పటినుంచి పని మాటలు ముప్పై ఆరింటినీ ఇంగ్లీషులోనే చెప్పాలని చట్టం చేశారు. ఆ ముప్పై ఆరూ సొంత చెవితో విని తెలుసుకోగలరని పంతులమ్మ సంతకం పెడితేనే పెట్టె ఎక్కనిస్తారు.

తరగతి జరిగేది మూగ గదిలో. దాని గోడలు కూడా ఇనుమే. వాకిట్లో ఒక పెట్టె ఉంటుంది, చెవిపోగులు అందులో వేసి లోపలికి రావాలి. నేనూ వేశాను. ఒక్కసారిగా లోకం సగం అయిపోయినట్టు అనిపించింది.

నిబంధనల పుస్తకం నూట నలభై పేజీలు. రెండు రోజుల్లో చదివేశాను. నాతో గది పంచుకునే సీనియర్ పంతులమ్మ నూకరత్నం గారిది టెక్కలి. నేను పిన్నీ అని పిలుస్తాను. ఆవిడకు ఇది నాలుగో కాంట్రాక్టు.

"ఓలమ్మో, ఆ బుక్కు సదివినోల్లని నానిప్పుడే సూస్తన్నాను. ఎలకలు తింటాయని దాస్తారు గానీ సదవడానికేటే?"

మా ఇంట్లో బడి ముఖం చూసినదాన్ని నేనే మొదట. మా అమ్మ, పెద్దమ్మలు, వాళ్ళ అమ్మ అందరూ జీడిపిక్కలు కొట్టినవాళ్ళే. ఏ కాయితం ఇంటికొచ్చినా నా చేతిలో పెట్టి "అడుగుదాకా సదువు" అనేవారు. అందుకని అడుగుదాకా చదవకుండా ఏ కాయితమూ పక్కన పెట్టలేను.

పన్నెండో రోజు, జులై 21

తరగతిలో ఇరవై నాలుగు చోట్లు. విద్యార్థులు పని దుస్తుల్లోనే నేర్చుకోవాలని రూలు. తల మీది టోపీ కళ్ళు తప్ప ఏమీ కనబడనివ్వదు. రొమ్ము మీద చోటు నంబరు ఉంటుంది. హాజరు పట్టీలో నంబరు పక్కన పేరు. నేను పేరు పిలుస్తాను, వాళ్ళు "ప్రెజెంట్" అంటారు. రోజుకో కొత్త మాట. వారానికి ఆరు రోజులు, ఇరవై రెండు గంటలు. అంతకు మించి చెబితే వీసా నిబంధన మీరినట్టే.

గది బయటికి వచ్చి చెవిపోగు పెట్టుకోగానే వాళ్ళ మాటలన్నీ తెలుగులో వినబడతాయి. నా చెవిపోగుకు మా పెద్దమ్మ మా వైపు యాస పెట్టించింది, "అక్కడెవులి మాటా నీకు పరాయిగా ఉండకూడదు" అని. ఆ పుణ్యాన ఆష్కెల్ ఆడవాళ్ళందరూ మా జీడిపిక్కల షెడ్డులో వాళ్ళలాగే మాట్లాడతారు. ఇవాళ ఒకామె నన్ను చూసి, "పంతులమ్మ గాలికి ఎగిరిపోయీటట్టుంది, నడుముకి రాయి కట్టండి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ముప్పై మూడో రోజు, ఆగస్టు 11

తొమ్మిదో నంబరు సంగతి అర్థం కావడం లేదు. పట్టీలో పేరు ఇలాము. పలక మీద బొమ్మ గీయమంటే నిన్న ఎడమ చేత్తో గీసింది, ఇవాళ కుడి చేత్తో. రెండు చేతులూ వాటం ఉన్నవాళ్ళు ఉంటారు. కానీ పదిహేడో నంబరూ అంతే, ఇరవై రెండో నంబరూ అంతే.

పిన్నిని అడిగాను. ఆవిడ నేర్పేది వంటశాల వాళ్ళకు, అక్కడ టోపీలు ఉండవు. "కొత్తల్లో అందరి మొకాలూ ఒక్కలాగే ఉంటాయి. నీ కల్లు కుదుటపడాల," అంది.

నా కళ్ళ తప్పే అనుకున్నాను. ఎత్తి రాస్తూ చేరుస్తున్న మాట: అడగాల్సింది పిన్నిని కాదు, తొమ్మిదో నంబరుని. ఇది నా మొదటి తప్పు.

యాభై ఎనిమిదో రోజు, సెప్టెంబరు 5

ముప్పై ఆరు మాటలూ పోయిన వారం పూర్తయ్యాయి. ఇవాళ లోతు తక్కువ తొట్టిలో, చెవిపోగులు తీసి, మొదటి అభ్యాసం. గట్టు మీద గొట్టంలోంచి నేను మాట చెప్పాలి, నీళ్ళలో వాళ్ళు ఆ పని చెయ్యాలి.

తొమ్మిదో నంబరు తాడు పట్టుకుని ఉంది. గిలక తాడును పైకి లాగుతోంది. నేను "లెట్ గో" అన్నాను. అంటే వదిలెయ్యమని. ఆమె వదల్లేదు. మళ్ళీ చెప్పాను, గట్టిగా, నిదానంగా. టోపీలోంచి నా వైపే చూస్తోంది. శ్రద్ధగా చూస్తోంది. తాడును ఇంకా గట్టిగా పట్టుకుంది. తాడుతో పాటు చేతి తొడుగు గిలక దాకా వెళ్ళింది. గిలక మనిషి తాడు నరికి ఆపాడు గనక రెండు గోళ్ళతో పోయింది. నలభై బారల లోతున అయితే చెయ్యి పోయేది.

"లెట్ గో" ఐదో పాఠం. ఆ రోజు తొమ్మిదో నంబరు హాజరు. పట్టీలో నా చేత్తో వేసిన టిక్కు ఉంది. ఆ మాటకు ఆ రోజు మూడుసార్లు తప్పు లేకుండా తాడు వదిలింది, నాకు గుర్తుంది.

యాభై తొమ్మిదో రోజు, సెప్టెంబరు 6

పొద్దున్నే తొమ్మిదో నంబరు ఇంటికి వెళ్ళాను. తెప్పల వరుసలో చివరి ఇల్లు. తలుపు తీసింది ఒకామె, లోపల చేతికి గుడ్డ కట్టుకుని కూర్చున్నది ఇంకొకామె. ఇద్దరూ తోడికోడళ్ళు. పెద్దామె మీరన్, చిన్నామె తువా. గోళ్ళు పోయినది తువా.

"మీ ఇద్దరిలో ఇలాము ఎవరు?" అని అడిగాను.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. తర్వాత విరగబడి నవ్వారు. గుడ్డ కట్టుకున్న చేతిని పట్టుకునే తువా నవ్వింది.

"ఇలాము మనిసి పేరేటి, పంతులమ్మా?" అంది మీరన్. "మా చోటు పేరు. మా మామ్మ పెట్టింది."

అప్పుడు చెప్పారు. ఇక్కడ పని చోటు ఇంటిది, మనిషిది కాదు. ప్రతి చోటుకూ ఇద్దరు ఉంటారు. ఇవాళ నీళ్ళలోకి దిగినది తడి మనిషి. రేపు ఆమె ఒడ్డునే ఉండాలి, పొడి మనిషి దిగుతుంది. వరుసగా రెండు రోజులు దిగిన ఒళ్ళు మూడో రోజు లేవదని పెద్దలు తెలుసుకుని పెట్టుకున్న కట్టుబాటు ఇది. ఆ చోటు పేరుతో పిలిస్తే ఆ రోజు ఎవరి వంతో వాళ్ళు పలుకుతారు. నా తరగతి కూడా ఆ చోటు పనిలో భాగమే అనుకున్నారు. అందుకని వంతుల ప్రకారం వచ్చారు. సోమ, బుధ, శుక్రవారాలు మీరన్. మంగళ, గురు, శనివారాలు తువా.

"అంటే ఆ ఐదో పాఠం నాడు వచ్చింది మీరన్," అన్నాను. "మరి తువా ఆ మాట నేర్చుకోలేదుగా?"

"నేర్సుకున్నాను!" అని తువా కోపంగా అంది. "మా అక్క ఏ రోజు మాట ఆ రోజే ఇంటికొచ్చి సెప్పీది. నానూ సెప్పీదాన్ని. రోజూ బువ్వ తిన్నాక కూకోని సెప్పుకునీవోల్లం. మాకు ముప్పై ఆరూ ఒచ్చు."

"చెప్పండి చూద్దాం," అన్నాను.

మీరన్ చెల్లెలి వైపు తిరిగి ఒక మాట అంది. నా చెవిలో "వదిలీ" అని వినబడింది. తువా వెంటనే, "వదిలీడం! ఇది తెల్దేటి నాకు?" అంది.

మీరన్ అన్నది ఇంగ్లీషులోనే. ఆమె పెదవులు చూశాను గనక తెలిసింది. కానీ నా చెవిపోగు దాన్ని తెలుగు చేసింది, తువా చెవిపోగు దాన్ని వాళ్ళ భాష చేసింది. ఏడు వారాలు వీళ్ళు రోజూ కూర్చుని శ్రద్ధగా పాఠం చెప్పుకున్నారు. ఆ ఇంగ్లీషు మాట ఒక్కసారి కూడా రెండో మనిషి చెవిలో పడలేదు. ఇక్కడ పుట్టిన మూడో రోజునే చెవిపోగు పెడతారు. ఇంట్లో తీయడమంటే అలిగి గోడ వైపు తిరిగి పడుకోవడం లాంటిది. అందుకని తీయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఇద్దరినీ మూగ గదికి తీసుకెళ్ళి పరీక్షించాను. మీరన్‌కు పద్దెనిమిది వచ్చు. తువాకు మిగతా పద్దెనిమిది వచ్చు. ఒక్క మాట కూడా ఇద్దరికీ రాదు. ఇద్దరికీ కలిపి ముప్పై ఆరూ వచ్చు. కానీ పెట్టెలో కిందికి దిగేది ఒక్కరే.

బయటికి వచ్చి తువా చెవిపోగు పెట్టుకుంది. తర్వాత, "మిగతా ఇల్లల్లోనూ ఇంతేనా?" అంది.

ఇరవై నాలుగు చోట్లలోనూ అంతే.

అరవయ్యో రోజు, సెప్టెంబరు 7

నిబంధనల పుస్తకం మళ్ళీ తీశాను. పేరు లేని మనిషికి నేర్పకూడదు. మూగ గది బయట నేర్పకూడదు. వారానికి ఇరవై రెండు గంటలు మించకూడదు. పట్టీలో ఒక పేరుకు ఇద్దరు ఉన్నట్టు తెలిస్తే తరగతి ఆపి కార్యాలయానికి రాయాలి. విచారణ అరవై రోజులు.

అరవై రోజులంటే నవంబరు మొదటి వారం, ఆ తర్వాత మిగతా సగం మాటలు నేర్పడానికి రోజులు ఉండవు. నవంబరు 14న తుపాన్ల కాలం ముగిసి దిగుడు మొదలవుతుంది. ఆ రోజుకు సంతకం లేని చోటును వేరే ఇంటికి ఇస్తారు. పోనీ విచారణ బేగి ముగిసి, పట్టీలో ఒక్కొక్కరి పేరే ఉంచి సంతకం పెట్టమంటే? ఆ ఒక్కరు రోజూ దిగాలి. లేదా రెండో మనిషి సగం మాటలతో దొంగతనంగా దిగుతుంది. ఏదైనా ప్రమాదమే.

పిన్నికి చెప్పాను. "రాసీ. రాసీసి చేతులు కడుక్కో. మనం ఈ దేశానికి సుట్టాలం కాదు, కూలోల్లం," అంది. ఆవిడ అన్నది అన్యాయం కాదు. ఇరవై రెండేళ్ళు ఇంటిని మోసిన మనిషి మాట అది.

కానీ నేను రాయలేదు. నేర్పుతాను. ఇది తెలిసి చేస్తున్న తప్పు, అందుకని తేదీ వేసి రాసుకుంటున్నాను.

డెబ్బై నాలుగో రోజు, సెప్టెంబరు 21

నాచు ఆరబెట్టే షెడ్డులో రోజూ తెల్లవారి తరగతికి ముందు గంటన్నర. ఆ వేళకు ఆ రోజు పొడి మనుషులు ఖాళీగా ఉంటారు. వాళ్ళు మూగ గదికి రారు గనక, ముప్పై ఆరు మాటలూ మళ్ళీ మొదలుపెట్టి, ఆ గదిలో ఆ రోజు చెప్పబోయే మాటలే ముందుగా వీళ్ళకు చెబుతున్నాను. షెడ్డు ఇనుము కాదు. అందుకని వాకిట్లో పెద్ద అన్నం గిన్నె పెట్టాను. చెవిపోగులన్నీ అందులో వేసి మూత పెట్టాలి.

మొదటి రోజు ఎవరూ వేయలేదు. ఒకరి ముందు ఒకరు చెవిపోగు తీయడానికి సిగ్గు. తువా ముందుకొచ్చి, గోళ్ళు లేని చెయ్యి అందరికీ చూపించి, తన పోగు తీసి గిన్నెలో పడేసింది. టంగుమని మోగింది. ఆ తర్వాత అందరివీ పడ్డాయి.

వేలాడే నాచు తెరల వెనక నిలబడి మాట చెబుతాను. నా ముఖం కనబడకూడదు. తెర అవతల ఇరవై నాలుగు మంది తాడు పట్టుకుని ఉంటారు. "లెట్ గో" అనగానే ఇరవై నాలుగు తాళ్ళూ ఒకేసారి నేల మీద పడే చప్పుడు వినడం కోసం ఎంత దూరమైనా రావచ్చు.

పదిహేడో చోటు ముసలావిడ "లుక్ అప్" అంటే కిందికే చూసేది. ఇవాళ మొదటిసారి పైకి చూసింది. షెడ్డు కప్పు మీద కన్నం కనబడింది ఆవిడకు. పాఠం అయ్యాక చెవిపోగు పెట్టుకుని, "ముప్పై ఏల్లుగా ఈ సెడ్డులో పన్జేస్తన్నాను, ఆ బొక్క ఇప్పుడే అవుపడింది. ఇంగిలీసు మంచిదే," అంది.

తొంభై ఎనిమిదో రోజు, అక్టోబరు 15

నలభై ఎనిమిది మందికీ ముప్పై ఆరూ వచ్చాయి. ముందు చెప్పకుండా, వరుస మార్చి, తెర వెనకనుంచి, తొట్టి గట్టు మీదనుంచి, గాలి హోరులో కూడా పరీక్షించాను. మూడు రోజులు పట్టింది. తప్పులు ఆరు. ఆ ఆరుగురినీ మర్నాడు మళ్ళీ పరీక్షించాను. తప్పులు లేవు.

పిన్ని షెడ్డుకు వచ్చి చూసింది. తాళ్ళు పడే చప్పుడు రెండుసార్లు విని, "నాలుగు కాంట్రాక్టుల్లో నానింత మంది చేత ఒక్క మాటకి ఒక్కసారి పన్జేయించనేదు," అంది. గిన్నె మూత తీసి ఎవరి పోగు వాళ్ళకు తనే పంచింది.

నూట పదకొండో రోజు, అక్టోబరు 28

తనిఖీ. తనిఖీ అధికారి ఓర్విన్ గారు మూగ గదిలో వెనక వరుసలో కూర్చున్నారు. హాజరు పిలుపును రికార్డు చేశారు. తరగతి అయ్యాక బయటికి వచ్చి చెవిపోగు పెట్టుకున్నాం. ఆయన చేతిలో జులైలో కార్యాలయం తీయించిన హాజరు రికార్డు కూడా ఉంది.

"ఏటమ్మా, తొమ్మిదో నంబరుకి రెండు గొంతులేటి?" అన్నారు.

మీ అధికారిని తక్కువ చేసి రాస్తున్నానని అనుకోవద్దు. నా చెవిపోగు ఆయనను కూడా మా పలాస షెడ్డు మేస్త్రీలాగే మాట్లాడించింది. అందువల్లే కాబోలు, నాకు భయం వేయలేదు.

"ఇద్దరు మనుషులండి, అందుకే రెండు గొంతులు," అన్నాను. జరిగినదంతా చెప్పాను. షెడ్డు, గిన్నె, గంటలు, అన్నీ.

ఆయన చాలాసేపు విన్నారు. తర్వాత సంచిలోంచి ఆరో నంబరు ఫారం తీశారు. విద్యార్థులు పేరు మార్చి పంతులమ్మను మోసగించారని అందులో అచ్చువేసి ఉంది. కింద నా సంతకానికి ఖాళీ.

"నువ్వు కుర్రదానివి. దీని మీద సంతకం పెట్టీసి పంపీ. నీ వీసాకేటీ అవదు. పెట్టకపోతే ఇంక ఏ సముద్ర దేశమూ నిన్ను రానీదు. పది రోజులు టైముంది," అన్నారు.

ఆయన మాటలో దురుద్దేశం లేదు. నన్ను కాపాడాలనే అన్నారు. సంతకం పెడితే ఇరవై నాలుగు ఇళ్ళ చోట్లూ పోతాయి కదా అని అడిగితే, "పోతాయి," అని ఒప్పుకున్నారు.

నూట పదమూడో రోజు, అక్టోబరు 30

మీరన్, తువా వచ్చారు. మీరన్ చేతిలో ఎండుచేపల మూట. తువా చేతిలో ఏమీ లేదు, ముఖంలో కోపం ఉంది.

"సంతకం పెట్టీ," అంది తువా.

"పెట్టను."

"మా చోటు పోతే మేం ఎలాగో బతుకుతాం. నాచు కోస్తాం, చేపలెండబెడతాం. నీకింకేటుంది? ఈ గొంతే కదేటి నీ బతుకు?"

"మీరు నన్ను మోసం చేశారని రాయాలి అందులో. చేశారా?"

"చేసాం అనుకో!"

"చెయ్యలేదుగా."

తువా మీరన్ వైపు తిరిగింది. "సూసేవా అక్కా, నాన్సెప్పనేదా? మొండి గుంట. తాడొదలమని నేర్పిందే గానీ, తను మాత్రం వదల్దు."

మీరన్ నవ్వుతూ ఎండుచేపల మూట నా చేతిలో పెట్టింది. "సంతకం పెడితే నీకివ్వకూడదనుకున్నాం. పెట్టవు గదా, తీసుకో," అంది.

వాళ్ళు వెళ్ళాక పిన్ని చేపలు వేయిస్తూ పుస్తకం తెమ్మంది. ముప్పై ఒకటో నిబంధనను నేను పైకి చదివాను. పది రోజుల్లోగా పంతులమ్మ తనే రాస్తే అది స్వయంగా చెప్పిన తప్పు, దాని మీద కార్యాలయం తన విచక్షణతో నిర్ణయించవచ్చు అని ఉంది. ఎన్ని రోజులైనా నిర్ణయించవచ్చని కూడా ఉంది. అక్కడ పిన్ని ఆపింది.

"అది కాదే, ఆల్లు నెల రోజులు తీసుకుంటే ఈల్ల చోట్లు పోతాయి కదేటి. జవాబెప్పుడు కావాలో నువ్వే రాసీ. అడక్కపోతే ఎవులూ ఇవ్వరు."

నూకరత్నం గారి మాటలు ఈ ఉత్తరంలో రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. ఆవిడకు తెలిసీ కార్యాలయానికి చెప్పలేదని మీరు అనవచ్చు. రాయమని మొదటి రోజే నాకు చెప్పింది ఆవిడ ఒక్కరేనని నా దినచర్యే సాక్ష్యం.

నూట పద్దెనిమిదో రోజు, నవంబరు 4

దినచర్య అంతే. ఇక నా మాట.

నేను నాలుగు నిబంధనలు మీరాను. సెప్టెంబరు 7 నుంచి అక్టోబరు 28 దాకా పట్టీలో ఇద్దరు మనుషులకు ఒకే టిక్కు పెట్టాను. పేరు లేని మనుషులకు నేర్పాను. మూగ గది బయట, వారానికి తొమ్మిది గంటలు ఎక్కువగా నేర్పాను. వీటిలో ఏదీ తెలియక చేసింది కాదు. తెలియక చేసిన తప్పు అంతకు ముందుది, యాభై ఎనిమిది రోజులు ఒక్క ప్రశ్న అడగకపోవడం. దానికి తువా రెండు గోళ్ళు ఇచ్చింది.

నా విద్యార్థులు ఏ తప్పూ చేయలేదు. వాళ్ళ కట్టుబాటు, మీ నిబంధన రెండూ మనిషి ప్రాణం కాపాడటానికి పెట్టినవే. ఒక చోటుకు ఒక పేరు అన్న రూలు రాసినవాళ్ళు ఒక మనిషి రోజూ దిగుతాడని అనుకున్నారు. ఒక చోటుకు ఇద్దరు అన్న కట్టుబాటు పెట్టినవాళ్ళు ఒకరి చెవిలో పడిన మాట రెండోవారికి చేరుతుందని అనుకున్నారు. రెండు లెక్కలకూ మధ్య ఉన్న ఖాళీలో నేను షెడ్డులో గిన్నె పెట్టాను.

ఆరో నంబరు ఫారం ఈ ఉత్తరంతో తిప్పి పంపుతున్నాను. సంతకం లేదు.

నా వీసా విషయం మీ ఇష్టం. నేను అడిగేది ఒక్కటే. పట్టీలో ప్రతి చోటు పేరు కింద రెండు గీతలు వేయించండి, తడి మనిషికి ఒకటి, పొడి మనిషికి ఒకటి. నలభై ఎనిమిది మందినీ విడివిడిగా పరీక్షించండి. పరీక్షించేది నేను కాదు, మీరు పంపిన మనిషి. వాళ్ళు ఎప్పుడూ వినని గొంతు అయితే ఇంకా మంచిది. ఏ రోజైనా రండి, ముందు చెప్పనక్కర్లేదు. ముప్పై ఆరు మాటలూ ఏ వరుసలోనైనా అడగండి. నలభై ఎనిమిది మందిలో ఒక్కరు ఒక్క మాట తప్పినా, మర్నాటి ఓడ ఎక్కి నేనే వెళ్ళిపోతాను. అందరికీ వస్తే మాత్రం, వాళ్ళ చోట్లు వాళ్ళకు ఉంచండి.

దిగుడు నవంబరు 14న మొదలవుతుంది. పరీక్షకు ఒక రోజు, పట్టీ రాయడానికి ఒక రోజు పడతాయి. అందుకని నవంబరు 12వ తేదీలోగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. కాదని అయినా సరే, ఆ తేదీలోగానే రాయండి. ఇరవై నాలుగు ఇళ్ళవాళ్ళు ఇంకో పని వెతుక్కోవడానికి రెండు రోజులైనా ఉండాలి.

ఇట్లు,
దుంపల యశోద
ఇంగ్లీషు పంతులమ్మ, మూగ గది, ఆష్కెల్